డీఎస్సీ చదువు వేరు, డెమో క్లాసు వేరు: ప్రైవేటు బడి ఇంటర్వ్యూకి నేను తయారైన తీరు

సర్కారు బడి టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీలో ఇంటర్వ్యూ ఉండదు. 2024లో తెలంగాణ డీఎస్సీ రాసినప్పుడు నేను చేయాల్సిందల్లా కంప్యూటర్ ముందు కూర్చుని సరైన ఆప్షన్ నొక్కడమే. రాతపరీక్షకు 80 మార్కులు, టీచర్ అర్హత పరీక్ష అయిన టెట్ వెయిటేజీకి 20, ఆ తర్వాత మెరిట్ లిస్టు, సర్టిఫికెట్ వెరిఫికేషన్, పోస్టింగ్. ఆ ఏడాది మొత్తం 11,062 పోస్టులు, అందులో ఎస్జీటీలే, అంటే చిన్న తరగతుల టీచర్ పోస్టులే, 6,508. అన్ని ఉన్నా మా జిల్లాలో నా పేరు దాకా లిస్టు రాలేదు. ఆ సంగతి వదిలేద్దాం. చెప్పొచ్చేదేమిటంటే, ఆ దారి మొత్తంలో "ఏదీ, ఒక పాఠం చెప్పి చూపించమ్మా" అని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. ప్రైవేటు బడికి అప్లై చేస్తే మొదట అడిగేదే అది.

నాది డీఎల్‌ఎడ్, అంటే చిన్న తరగతుల టీచర్లకిచ్చే రెండేళ్ల శిక్షణ. హన్మకొండ డైట్‌లో, అంటే జిల్లా టీచర్ శిక్షణ సంస్థలో చేశాను. అంతకుముందు చదివిందంతా తెలుగు మీడియమే. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాం. తర్వాతి నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలియకుండా ఇంట్లో కూర్చుని బిట్లు చదువుతూ ఉండటం నా వల్ల కాదనిపించింది. సీబీఎస్‌ఈ బడుల్లో పీఆర్‌టీ, అంటే ప్రైమరీ టీచర్ ఉద్యోగాలకు ప్రయత్నించాను. డీఎస్సీ బ్యాచ్‌లలో నాలాంటి వాళ్లు చాలామందే ఉంటారు, వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఇక్కడ టీచర్ల కోసం వెతుకులాట ఫిబ్రవరిలో మొదలై ఏప్రిల్ దాకా జోరుగా సాగుతుంది. చాలా ప్రకటనల్లో "డిగ్రీ, బీఈడీ" అని ఉంటుంది. అది చూసి వెనక్కి తగ్గాల్సిన పని లేదు. ఒకటి నుంచి ఐదు తరగతులకు పాఠం చెప్పడానికి డీఎల్‌ఎడ్ అసలైన అర్హత. బీఈడీ వాళ్లను కూడా ప్రాథమిక తరగతులకు అర్హులుగా చేస్తూ టీచర్ల అర్హతలు నిర్ణయించే జాతీయ సంస్థ ఎన్సీటీఈ 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ చెల్లదని రాజస్థాన్ హైకోర్టు అంటే, 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ మాటనే ఖాయం చేసింది. డీఎల్‌ఎడ్ వాళ్లలో ఈ తీర్పు తెలియనివాళ్లు ఉండరు గానీ, దాన్ని ఇంటర్వ్యూలో వాదన కోసం వాడకూడదు. "బీఈడీ లేదా?" అని అడిగితే, "రెండేళ్లు చిన్న తరగతులకు చెప్పడమే నేర్చుకున్నాను మేడమ్" అంటే చాలు. ఎదుటి మేడమ్‌ది బీఈడీయే అయ్యుండొచ్చు కదా.

రెజ్యూమెలో పెద్దగా రాయడానికేం లేదు. టెట్ పేపర్-1 స్కోరు పెట్టాను. ఇంటర్న్‌షిప్‌లో సర్కారు బడిలో ఒకే గదిలో రెండు తరగతులకు కలిపి చెప్పిన సంగతి రాశాను. తెలుగు కూడా చెప్పగలనని మా వదిన పట్టుబట్టి రాయించింది. 2018 చట్టం ప్రకారం తెలంగాణలో సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడులు కూడా తెలుగు నేర్పాలి కాబట్టి, అవసరానికి తెలుగు పీరియడ్ ఎత్తుకోగల టీచర్ అంటే బడికి ఒక సౌకర్యం. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చిన చోటల్లా ఆ లైను మీద ఒక ప్రశ్న పడింది.

వదిన గురించి చెప్పాలి. ఆమె వేరే బడిలో ప్రైమరీ కోఆర్డినేటర్. ఏటా ఎన్నో డెమోలు వెనక బెంచీలో కూర్చుని చూస్తుంది. నేను ఎంతో ముచ్చటగా రాసుకున్న పాఠ్యపథకం ఆమె చేతిలో పెట్టాను. డైట్‌లో నేర్పినట్టే ఉంది: ఉన్ముఖీకరణ, పూర్వజ్ఞాన ప్రశ్నలు, శీర్షిక ప్రకటన, ప్రదర్శన, కృత్యం, మూల్యాంకనం, ఇంటిపని. ఆమె రెండు పేజీలు తిప్పి, "ఇందుల నువ్వు ఏం జేస్తవో మొత్తం రాసినవ్. పిల్లలు ఏం జేస్తరో ఏడ రాసినవ్?" అంది. "కృత్యం అని ఉంది కదా వదినా" అన్నాను. "అది ఆఖర్ల ఉన్నది. అప్పటికి నీ టైము అయిపోతది."

నిజమే. డైట్‌లో మన ప్రణాళిక అంతా ఒక పూర్తి పీరియడ్‌కు. డెమోకి ఇచ్చేది పదిహేను, మహా అయితే ఇరవై నిమిషాలు. ఆ లెక్కన పూర్వజ్ఞాన ప్రశ్నలకే సగం పోతుంది. ఆ రాత్రి కూర్చుని అంతా కొట్టేసి మళ్లీ రాశాను. మొదటి రెండు నిమిషాల్లో పిల్లల చేతికి ఏదో ఒకటి అందాలి, పాఠం ఆ వస్తువు మీదే నడవాలి, చివర్లో వాళ్లే నాకు ఏదో ఒకటి చేసి చూపించాలి. శీర్షిక ప్రకటన తీసేశాను. పాఠం పేరు బోర్డు మీద ఉంటే చాలు, దాన్ని మళ్లీ ప్రకటించడం ఎందుకు?

టాపిక్ కొన్ని బడులు ముందురోజు చెప్తాయి, కొన్ని అప్పటికప్పుడు ఇస్తాయి. అందుకని మూడు సబ్జెక్టుల్లో ఒక్కో పాఠం గట్టిగా తయారుచేసుకోమంది వదిన. పుస్తకాలు మాత్రం మన రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీవి కాకుండా, జాతీయ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీవి చూడమంది. అవి ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లిషులో నామవాచకాలు, ఈవీఎస్ అంటే పరిసరాల విజ్ఞానంలో నీళ్లు, లెక్కల్లో మూడో తరగతి తీసివేతలు ఎంచుకున్నాను. మొదటి రెండూ తేలిగ్గానే కుదిరాయి. నా తల తిన్నది తీసివేత.

302 నుంచి 178 తీసేయాలి. మనందరం నేర్చుకున్న పద్ధతి తెలిసిందే కదా: రెండులోంచి ఎనిమిది పోదు, పక్కింట్లో అప్పు అడగాలి, పక్కింట్లో సున్నా ఉంది, ఆ పై ఇంటికి వెళ్లాలి. బోర్డు మీద కొట్టివేతలతో రెండు నిమిషాల్లో అయిపోతుంది. మధ్యలో ఉన్న సున్నా తొమ్మిది ఎలా అయిందో మాత్రం పిల్లలకు తెలియదు. నిజం చెప్పాలంటే మనలో చాలామందికీ డైట్‌కి వచ్చేదాకా తెలియదు. మూర్త ప్రచాలక దశ ఏడు నుంచి పదకొండేళ్లు అని మనస్తత్వవేత్త పియాజే మీద బిట్టు వస్తే నిద్రలో కూడా పెడతాం. మూడో తరగతి పిల్లాడు ఆ దశలోనే ఉన్నాడనీ, అంటే వాడికి ఆ తొమ్మిదిని చేత్తో ముట్టుకునేలా చూపించాలనీ బిట్టు పెట్టేటప్పుడు ఎవరికి తడుతుంది?

మొదట చీపురు పుల్లలు పదేసి రబ్బరుబ్యాండ్లతో కట్టలు కట్టాను. రెండంకెల లెక్కలకు బ్రహ్మాండంగా పనికొచ్చాయి. 302కి కూడా అవే వాడదామంటే వదిన నవ్వి, "చీపురు కట్టలు సంచిల ఏస్కొని పోతవా ఇంటర్వ్యూకి?" అంది. అప్పుడు కాగితపు నోట్లకు మారాను. వందలు, పదులు, ఒక్క రూపాయి బిళ్లలు అట్టముక్కల మీద గీసి కత్తిరించాను. ఒక్కో గుంపుకు మూడు వందలు, రెండు రూపాయలు ఇస్తాం. "దుకాణంలో 178 రూపాయలు ఇవ్వాలి" అంటాం. ఇవ్వలేరు. చిల్లర కావాలి. నేనే బ్యాంకు. ఒక వంద నాకిస్తే పది పదులు ఇస్తాను. అందులో ఒక పది మళ్లీ నాకిస్తే పది రూపాయి బిళ్లలు ఇస్తాను. ఇప్పుడు వాళ్ల చేతిలో రెండు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు రూపాయలు ఉంటాయి. తొమ్మిది ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పాల్సిన పనే లేదు, వాళ్ల ముందు బల్ల మీదే ఉంది. 178 ఇచ్చేశాక 124 మిగులుతుంది. ఆ తర్వాతే బోర్డు మీద కొట్టివేతలు.

మా అపార్ట్‌మెంటులో పిల్లల్ని సాయంత్రం పోగేసి ఇదే పాఠం మళ్లీ మళ్లీ చెప్పాను. చాక్లెట్ల ఖర్చు నాదే. అలా చెప్తున్నప్పుడే అర్థమైంది, నోట్లు పంచడానికే ఎక్కువ సమయం పోతుందని. అందుకని ఇంట్లోనే కవర్లలో పెట్టి, ఒక్కో గుంపుకు ఒక్కో కవరు చొప్పున తీసుకెళ్లాను. ఇలాంటి చిన్న విషయాలు ఏ మెథడ్స్ పుస్తకంలోనూ ఉండవు.

ఇక ఇంగ్లిషు. ఇదే నా అసలు టెన్షన్. గ్రామర్ బిట్లు వచ్చు, ఆపకుండా మాట్లాడమంటే నోరు పెగలదు. ఒక కోచింగ్ సెంటరు వాళ్లు మూడు నెలల స్పోకెన్ ఇంగ్లిష్ అన్నారు, ఫీజు విని దండం పెట్టి వచ్చాను. వదిన ఇంకో దారి చూపింది. చిన్నపిల్లల క్లాసులో టీచర్ వాడే ఇంగ్లిషు ఏమంత పెద్దది కాదు. కూర్చోండి, ఇటు చూడండి, నీ పక్కవాళ్లకు చూపించు, నువ్వెలా చేశావో చెప్పు, ఇంకోసారి ప్రయత్నిద్దామా, ఇంకెవరికైనా వేరే జవాబు వచ్చిందా? ఇలాంటివి ఒక నోటుబుక్కులో రాసుకుని వంట చేస్తూ పైకి అన్నాను. ఫోనులో రికార్డు చేసి విన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు గానీ, ప్రతి వాక్యం చివరా "ఓకే?" అంటున్నానని అలా వింటేనే తెలిసింది. "అండర్‌స్టాండ్?" అని అడగడం కూడా మానేశాను. ఆ ప్రశ్నకు ప్రపంచంలో ఏ పిల్లాడైనా "యెస్ మేడమ్" అనే అంటాడు.

పానెల్ ముందు మాట్లాడే ఇంగ్లిషు వేరే సంగతి. దానికి నాలుగు విషయాల మీద నాలుగేసి వాక్యాలు సొంతంగా రాసుకున్నాను: నా గురించి, నేను చెప్పిన ఒక పాఠం గురించి, నాకు కష్టమనిపించిన ఒక పిల్లవాడి గురించి, ఈ బడికి ఎందుకు అప్లై చేశానో. బట్టీ పట్టలేదు. బట్టీ పట్టినవాళ్లు ఒక్క మాట మర్చిపోతే మొత్తం మర్చిపోతారు.

మొదట వెళ్లిన బడిలో పిల్లలే లేరు. ఆ రోజు సెలవు. కోఆర్డినేటర్, ఇద్దరు టీచర్లు, ఆఫీసాయన బెంచీల మీద కూర్చుని, "మేమే మూడో తరగతి పిల్లలం, మొదలుపెట్టండి" అన్నారు. ఇలా చేస్తారని నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి మీకు చెప్తున్నాను: చాలా చోట్ల డెమో ఇలాగే ఉంటుంది. నలభై ఏళ్లావిడ "మేడమ్, వీడు నా పెన్సిల్ తీసుకున్నాడు" అని గారాలు పోతుంది. ఇంకొకరు వాష్‌రూమ్‌కి వెళ్తానంటారు. ఒకరు ఫోను చూసుకుంటుంటారు, అది నటనో నిజమో తెలియదు. అక్కడ చూసేది మనం చిరాకు పడతామా, పాఠం దారి తప్పుతుందా అని. పెద్దవాళ్లని తెలిసినా పిల్లలతో మాట్లాడినట్టే మాట్లాడాలి. మొదటి నిమిషం సిగ్గేస్తుంది, తర్వాత పోతుంది. ఆ బడివాళ్లు "చెప్తాం" అన్నారు. చెప్పలేదు.

నేను ఇప్పుడు పనిచేస్తున్న బడిలో డెమో నిజమైన పిల్లల ముందే జరిగింది. మూడో తరగతి, తీసివేత. నా అదృష్టం. కవర్లు పంచాను, బ్యాంకు ఆట మొదలైంది. వెనకాల ప్రిన్సిపల్ మేడమ్, లెక్కల టీచరు, కోఆర్డినేటర్ రాసుకుంటున్నారు. ఒక గుంపులో అబ్బాయి నోట్లు పక్కనపెట్టి నోటుబుక్కులో లెక్క చేసేసి "276!" అని అరిచాడు. ఎలా వచ్చిందో టీచర్లకు తెలిసే ఉంటుంది. పైన రెండు, కింద ఎనిమిది ఉంటే ఎనిమిదిలోంచే రెండు తీసేశాడు. సున్నా, ఏడు ఉంటే ఏడే వేశాడు. మూడులోంచి ఒకటి తీసి రెండు. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయడం మూడో తరగతిలో మామూలే.

తప్పు అనలేదు. 276 అని బోర్డు మీద రాశాను. "నీ దగ్గర 302 రూపాయలు ఉన్నాయి. దాదాపు రెండు వందలు ఖర్చుపెట్టావు. ఇంకా 276 జేబులో ఉంటాయా?" అని అడిగాను. వాడి కంటే ముందు పక్కమ్మాయి నవ్వింది. "అంత ఉండదు మేడమ్." "అయితే ఎంత ఉండొచ్చు?" వంద, నూట ఇరవై, నూట యాభై అన్నారు. అప్పుడు ఆ అబ్బాయే కవరు తీసి చిల్లర మార్చుకోవడానికి నా దగ్గరికి వచ్చాడు. లెక్క పూర్తయ్యేసరికి సమయం అయిపోయింది. బోర్డు మీద కొట్టివేతల పద్ధతి చూపించనే లేదు. ఆపమన్నప్పుడు గుండె జారింది గానీ, తర్వాత పానెల్‌లో లెక్కల టీచరు అడిగిన మొదటి మాట, "ఆ 276 వస్తుందని మీకు ముందే తెలుసా?" అని. తెలుసన్నాను. అపార్ట్‌మెంటు పిల్లల్లో ఇద్దరికి అదే వచ్చింది మరి.

పానెల్ ఇంటర్వ్యూలో నా డీఎస్సీ చదువు అక్కరకొచ్చింది, కాకపోతే నేను అనుకున్నట్టు కాదు. జాతీయ విద్యావిధానం 2020లో 5+3+3+4 అంటే ఏమిటన్నారు. టకటకా చెప్పాను: మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా పునాది దశ, మూడు నుంచి ఐదు తరగతులు సన్నాహక దశ, అలా. వెంటనే కోఆర్డినేటర్, "అయితే రెండో తరగతి నుంచి మూడుకు వచ్చేసరికి మీ గదిలో ఏం మారుతుంది?" అంది. ఇలాంటి ప్రశ్నకు బిట్ బ్యాంకులో ఆప్షన్లు ఉండవు. కాస్త ఆలోచించి, రెండు దాకా ఆటలు, వస్తువులు, కథలతోనే నడుస్తుందనీ, పరీక్ష పెట్టడం కన్నా పిల్లల్ని గమనిస్తూ రాసుకోవడం ముఖ్యమనీ, మూడులో ఈవీఎస్ లాంటి సబ్జెక్టు విడిగా వస్తుంది కాబట్టి చదివి అర్థం చేసుకునే పని పెరుగుతుందనీ, అయినా ఆట ఒక్కసారిగా ఆపేయకూడదనీ చెప్పాను. నా ఇంగ్లిషులో రెండు చోట్ల తడబాటు వచ్చింది. వాళ్లు పట్టించుకున్నట్టు లేదు.

మూడో తరగతికి వచ్చినా చదవలేని పిల్లాడు ఉంటే ఏం చేస్తారని అడిగారు. ఈ ప్రశ్న దాదాపు ప్రతిచోటా ఉంటుంది, గట్టిగా తయారవ్వండి. "ఎక్స్‌ట్రా క్లాసు తీసుకుంటాను" అనేది అందరూ చెప్పే జవాబు. నేను మాత్రం ఇంటర్న్‌షిప్‌లో చూసింది చెప్పాను. చదవలేకపోవడంలో చాలా రకాలుంటాయి. ఒకరికి అక్షరాలే రావు, ఒకరికి అక్షరాలొచ్చి గుణింతాల దగ్గర ఆగుతుంది, ఇంకొకరు గడగడా చదివేస్తారు గానీ ఏం చదివారో చెప్పలేరు. ముందు ఎక్కడ ఆగిందో పట్టుకోవాలి. ఇంగ్లిషు అయితే అక్షరాల శబ్దాల దగ్గర చూడాలి. మూడో తరగతి పూర్తయ్యేలోపు ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలి, మామూలు లెక్కలు చేయాలి అనే కదా 2021లో కేంద్ర ప్రభుత్వం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. ఆ పేరు ఎత్తగానే ప్రిన్సిపల్ మేడమ్ తల ఊపింది. కానీ పేరు ముందు చెప్పి పని తర్వాత చెప్పి ఉంటే అది బట్టీలా ఉండేది.

పిల్లల్ని కొడతారా అని కూడా అడిగారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. అది చెప్పాక, "మరి క్లాసు అదుపు తప్పితే?" అన్నది అసలు ప్రశ్న. గొంతు పెంచే బదులు తగ్గిస్తాననీ, లేచి నిలబడే పని ఏదైనా ఇస్తాననీ చెప్పాను. డెమోలో అరుపులు ఎక్కువైనప్పుడు నేను చేసింది కూడా అదే, వాళ్లు చూశారు.

ఇంకో బడిలో మాత్రం పెళ్లయి ఎన్నాళ్లయింది, పిల్లలెప్పుడు అని మొహమాటం లేకుండా అడిగారు. "ఈ ఉద్యోగానికి దానివల్ల ఇబ్బంది రాదండి" అని అంతటితో ఆపాను. మన దగ్గర ఆడవాళ్లను ఇది అడగడం ఎప్పటికి మానేస్తారో.

డీఎస్సీ వాళ్లందరికీ తప్పని ప్రశ్న: "నోటిఫికేషన్ పడి ఉద్యోగం వస్తే మధ్యలో వెళ్లిపోతారా?" బడులకు ఈ భయం ఉత్తది కాదు. 2024 అక్టోబరులో ఎంపికైనవాళ్లకు నియామక పత్రాలిచ్చింది విద్యాసంవత్సరం నడిమధ్యలో. ప్రైవేటు బడుల నుంచి వెళ్లినవాళ్ల క్లాసులు ఖాళీ. "అస్సలు రాయను" అని చెప్పమన్నారు నా స్నేహితులు కొందరు. నేను అలా చెప్పలేదు. రాస్తాననీ, వస్తే నోటీసు ఇచ్చి, నోటుబుక్కులూ మార్కులూ అన్నీ అప్పజెప్పి వెళ్తాననీ, అప్పటిదాకా ఈ పిల్లలే నా పిల్లలనీ అన్నాను. రెజ్యూమెలో టెట్ స్కోరు పెట్టుకుని డీఎస్సీ రాయనంటే ఎవరు నమ్ముతారు?

ఆఖరుది హెచ్‌ఆర్ గది. జీతం వాళ్లు చెప్పిందాని మీద కొంచెం పెంచమని అడిగాను, కొంచెమే పెంచారు. అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. అంకె కంటే ముఖ్యంగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి: వేసవి సెలవుల్లో జీతం ఇస్తారా, పీఎఫ్ కడతారా, ప్రొబేషన్ ఎన్ని నెలలు, నోటీసు పీరియడ్ ఎంత, వారానికి ఎన్ని పీరియడ్లు, బస్ డ్యూటీ ఉందా. ఇవన్నీ నోటిమాటగా కాకుండా ఆఫర్ లెటర్‌లో ఉండేలా చూసుకోండి. ఒక బడి ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచమంది. డీఎస్సీ వెరిఫికేషన్‌కి అవే కావాలి, ఇవ్వలేనని వచ్చేశాను. నేను చేరిన బడిలో ఒరిజినల్స్ చూసి, జిరాక్సుల మీద సంతకం పెట్టించుకుని, అక్కడికక్కడే తిరిగి ఇచ్చారు. జూన్‌లో మూడో తరగతి లెక్కలు, ఈవీఎస్ నాకు అప్పజెప్పారు, వారానికి రెండు తెలుగు పీరియడ్లు కూడా.